సైన్యం డీజిల్ ఖర్చు: అపోహలు - వాస్తవాలు

ఆర్మీకి రేషనూ ఇంధనమూ అందించే ఏఎస్‌సీలో, పెట్రోల్ డిపోల్లోనే నా సర్వీసు గడిచింది. సెలవుకి ఊరొస్తే నన్ను అడిగేవి ఇవే.

అపోహ: ఆర్మీకి ఆయిల్ ఫ్రీ. రేటు పెరిగితే వాళ్లకేంటి?

ఫ్రీ ఏమీ కాదు. రక్షణ బడ్జెట్ నుంచి ఆయిల్ కంపెనీలకు కట్టాల్సిందే, అదీ బల్క్ రేటుకి (బంకులో కాక కంపెనీ నుంచి నేరుగా పెద్దమొత్తంలో కొనేవాళ్ల రేటు). 2013 జనవరిలో బల్క్ కొనుగోళ్లకు డీజిల్ సబ్సిడీ ఎత్తేస్తే రైల్వే, ఆర్టీసీలతో పాటు సైన్యానికీ దెబ్బ తగిలింది. 2022 మార్చిలో బల్క్ డీజిల్ లీటరుకు ఒక్కసారే దాదాపు 25 రూపాయలు పెరిగింది. బంకులో మాత్రం పాత రేటే! మన ఆర్టీసీ బస్సులు బంకుల్లో కొట్టించుకుని గట్టెక్కాయి. లడఖ్ సరిహద్దులో ఉన్న యూనిట్ ఏ బంకుకి పోతుంది?

అపోహ: తాగేదంతా ట్యాంకులు, విమానాలే.

సుఖోయ్-30 నిండాలంటే 9 టన్నుల పైమాటే, కాదనను. కానీ కొండల మీద ట్యాంకు కదలని రోజులుంటాయి గానీ, చలికాలంలో బుఖారీ (గది వెచ్చబెట్టే కిరోసిన్ పొయ్యి) ఆర్పేసే రాత్రి ఉండదు. జనరేటరూ అంతే.

అపోహ: బంకు రేటుని లీటర్లతో గుణిస్తే లెక్క తేలిపోతుంది.

అసలు కథంతా ఇక్కడే ఉంది. లడఖ్‌కి వెళ్లే జోజిలా కనుమ, మనాలి దారుల్ని మంచు మూసేలోగా నెలల సరుకు పైకి చేర్చాలి. ట్యాంకర్ ఎక్కేటప్పుడూ తాగుతుంది, ఖాళీగా దిగేటప్పుడూ తాగుతుంది. రోడ్డు ఆగిపోయాక 20 లీటర్ల జెరీకాన్లు, పోర్టర్లు, కంచర గాడిదలు. సియాచిన్ పై పోస్టులకైతే చీతా హెలికాప్టరే. గాలి పలచనైన ఆ ఎత్తులో అది మోసేది కొన్ని పదుల కిలోలే. ఒక డబ్బా కిరోసిన్ కోసం అది ఎంత కాలుస్తుందో డబ్బా బిల్లులో కనిపించదు.

ఇంకోటి, మైదానాల డీజిల్ అక్కడ మైనంలా పేరుకుని ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. పొద్దున్నే ట్రక్కు ట్యాంకు కింద స్టవ్ వెలిగించి కరిగించేవాళ్లు (కొత్తగా చూసినవాళ్లకి గుండె ఆగినంత పనయ్యేది). 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చాక ఆ టెన్షన్ తగ్గింది.

అపోహ: సోలార్ పెట్టేస్తే సరి.

పగటి లైట్లకి సరే, రాత్రికో? అందుకే లడఖ్‌లోని చుషుల్‌లో డీజిల్ జనరేటర్లకు బదులుగా, పగటి సోలార్ కరెంటుని హైడ్రోజన్‌గా దాచి రాత్రికి వాడుకునేలా ఎన్టీపీసీతో 200 కిలోవాట్ల సోలార్-హైడ్రోజన్ మైక్రోగ్రిడ్ (ఆ చోటికే సరిపడే చిన్న కరెంటు వ్యవస్థ) తలపెట్టారు. నాకైతే ఇది నచ్చింది. అక్కడ ఒక లీటరు ఆదా అయితే, దాన్ని పైకి మోయడానికి కాల్చే డీజిల్ కూడా మిగులుతుంది. ట్రక్కులకు మాత్రం ఇప్పట్లో డీజిలే గతి.