గ్రైండింగ్ డిస్కుల వాడకం నేర్పడానికి దేశాలు తిరిగే పని: కొన్ని అపోహలు, వాస్తవాలు

గ్రైండింగ్ వీల్స్, కటింగ్ డిస్కులు తయారుచేసే కంపెనీలో అప్లికేషన్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మా సరుకు కొన్న ఫ్యాక్టరీలకు, ఫ్యాబ్రికేషన్ షాపులకు వెళ్లి దాన్ని సరిగ్గా వాడటం నేర్పడం నా ఉద్యోగం. ఎక్కువగా గల్ఫ్‌కీ, తూర్పు ఆఫ్రికాకీ వెళ్తుంటాను. మా పని మీద, మా సరుకు మీద మా రంగంలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లకీ, కొనే కంపెనీల మేనేజర్లకీ కొన్ని గట్టి నమ్మకాలున్నాయి. వాటిలో కొన్ని ప్రాణాల మీదకు తెచ్చేవి.

అపోహ: డిస్క్ పగిలిందంటే సరుకు నాసిరకం.

వాస్తవం: తయారీలో లోపం ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, దాన్ని కొట్టిపారేయకూడదు. అందుకే ఫిర్యాదు రాగానే ముందు బ్యాచ్ నంబరు అడుగుతాం. ఆ వెంటనే అడిగేది, ఏ మెషీన్ మీద పెట్టారు అని. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

చేత్తో పట్టుకునే యాంగిల్ గ్రైండర్ డిస్కులు ఎక్కువ భాగం అంచు దగ్గర సెకనుకు 80 మీటర్ల వేగానికి తయారవుతాయి. అంటే గంటకు 288 కిలోమీటర్లు. 9 అంగుళాల డిస్క్ మీద ఈ లెక్క ప్రకారం సుమారు 6,650 ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) అని, 5 అంగుళాల డిస్క్ మీద 12,200 అని ముద్రిస్తారు. 5 అంగుళాల మెషీన్లు 11,000 చుట్టుపక్కల తిరుగుతాయి. ఇక్కడే ఉంది ప్రమాదం. ఈ రెండు సైజుల డిస్కులకీ మధ్యలో రంధ్రం ఒకటే, 22.23 మిల్లీమీటర్లు. గార్డు పీకేస్తే 9 అంగుళాల డిస్క్ చిన్న మెషీన్ మీద చక్కగా కూర్చుంటుంది. స్విచ్ నొక్కగానే దాని అంచు గంటకు 475 కిలోమీటర్లు దాటుతుంది. డిస్క్‌ను చీల్చే బలం వేగానికి వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అది తట్టుకోవాల్సింది మామూలు కన్నా రెండు ముప్పావు రెట్లు. పగిలిన ముక్కను మనిషి వైపు రాకుండా ఆపాల్సిన గార్డేమో నేల మీద పడి ఉంటుంది.

అపోహ: పనివాళ్లకు తెలియక ఇలా చేస్తున్నారు, చెబితే మానేస్తారు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్లే ఎన్నో ట్రైనింగులు వృథా అవుతున్నాయని నా గట్టి అభిప్రాయం. అబూదాబీ ముసఫ్ఫాలోనో, షార్జాలోనో ఏ ఫ్యాబ్రికేషన్ షాపుకు వెళ్లినా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరో ఒకరు కనిపిస్తారు. ఏళ్ల తరబడి గ్రైండర్ పట్టిన చేతులు వాళ్లవి. పెద్ద డిస్క్ చిన్న మెషీన్ మీద పెట్టకూడదని వాళ్లకు బాగా తెలుసు. అయినా పెడతారు, కారణం ఉంటుంది కాబట్టి పెడతారు.

ఆ కారణం నిలదీస్తే బయటికి రాదు, పక్కన కూర్చుంటే వస్తుంది. ఒక షాపులో అరిగిన 9 అంగుళాల డిస్కులన్నీ చిన్న మెషీన్ల మీదే కనిపించాయి. టీ తాగే వేళ జగిత్యాల కుర్రాడొకడు చెప్పాడు: "అన్నా, పాత డిస్క్ మొత్తం అరగదీసి చూపిస్తేనే స్టోర్ల కొత్తది ఇస్తరు. పెద్ద మెషీన్ల అంత దాకా అరగది. ఏం చేయమంటవ్?" అతని తప్పేముంది అందులో? ఆ నియమం పెట్టింది కొనుగోలు విభాగం. డిస్క్‌కు పది రూపాయలు మిగలాలని పెట్టిన నియమం మనిషి ముఖం మీదకు ముక్కలు ఎగిరే పరిస్థితి తెచ్చింది. ఆ రోజు నేను ట్రైనింగ్ ఇవ్వాల్సింది స్టోర్ మేనేజరుకు, ఇచ్చాను కూడా. ఏ సైజు దగ్గర డిస్క్ పారేయాలో కొలిచి, స్టోర్ కౌంటర్ దగ్గర గీత గీసిన నమూనా తగిలించాం.

ఇంకోచోట కారణం బరువు: పెద్ద మెషీన్ అయిదు కిలోలకు పైనే ఉంటుంది, పైపు కిందికి దూరి తల మీదికి ఎత్తి కోయాలంటే చెయ్యి నిలవదు. మరోచోట మూలలోకి డిస్క్ అందడానికి గార్డు అడ్డం. "పెట్టకండి, తీయకండి" అని చెప్పి వచ్చేస్తే ఆ పని ఆగదు కదా! వేరే మెషీనో, గ్యాస్ కటింగో, పైపును కిందికి దించి కోసే ఏర్పాటో ఏదో ఒక దారి చూపించాలి. దారి చూపించలేని ట్రైనర్ మాట మర్నాటికే మరిచిపోతారు.

అపోహ: గట్టి వీల్ అయితే ఎక్కువ కాలం వస్తుంది, గట్టి ఉక్కుకు ఇంకా గట్టి వీల్ కావాలి.

వాస్తవం: పూర్తిగా తలకిందులు. వీల్‌లో కోసేవి గరుకు రేణువులు, వాటిని పట్టి ఉంచేది బాండ్. వీల్ గట్టిదంటే రేణువులను బాండ్ గట్టిగా పట్టి ఉంచుతుందని అర్థం. గట్టి ఉక్కు మీద రేణువు త్వరగా మొద్దుబారుతుంది. అది రాలిపోతేనే కింద ఉన్న పదునైన రేణువు పైకి వస్తుంది. అందుకని గట్టి లోహానికి మెత్తని వీల్, మెత్తని లోహానికి గట్టి వీల్. ఇది పాటించకపోతే వీల్ ముఖం నున్నగా మెరుస్తుంది. మొద్దు కత్తిపీటతో టమాటా కోసినట్టు, కోయడం పోయి రుద్దడం మొదలవుతుంది. వేడికి ఉక్కు మీద గోధుమ రంగు మచ్చలు పడతాయి, సన్నని పగుళ్లు వస్తాయి.

వీల్ మీద "ఏ 60 కే 5 వీ" లాంటి గుర్తు ఉంటుంది. వరుసగా అల్యూమినియం ఆక్సైడ్ రేణువు, దాని సైజు, గట్టిదనం, రేణువుల మధ్య ఖాళీ, విట్రిఫైడ్ బాండ్ (మట్టిని కాల్చి గాజులా చేసినది). గట్టిదనం అక్షరం ఏ నుంచి జెడ్ వైపు పోయేకొద్దీ పెరుగుతుంది. ఈ అయిదూ చదవడం నేర్పితే ఆపరేటరే చెబుతాడు, "ఈ పనికి జే సరిపోతుందేమో" అని. ఆ మాట విన్న రోజు నాకు పండగే.

అపోహ: తట్టి చూసి ఖంగుమంటే వీల్ బాగున్నట్టే.

వాస్తవం: విట్రిఫైడ్ వీల్‌కు రింగ్ టెస్ట్ తప్పక చేయాలి, అదీ స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడి లాంటి లోహం కాని దానితో. కానీ రెసిన్ అనే జిగురు లాంటి పదార్థం బాండ్‌గా ఉన్న డిస్క్ అంత స్పష్టంగా మోగదు, తేమ తాగిన డిస్క్ గుట్టును ఆ మోత చెప్పదు. తేమ తగిలితే రెసిన్ బలం తగ్గుతుంది. గల్ఫ్‌లో ఎండలో నిలబెట్టిన కంటైనరే చాలాచోట్ల స్టోరు. అందుకే డిస్క్ మధ్య లోహపు రింగు మీద ఉన్న గడువు చూడమంటాను, చేత్తో వాడే రెసిన్ డిస్కులకు తయారైన నాటి నుంచి మూడేళ్లు. నైరోబీ కముకుంజిలో జువా కాలీ కార్మికులు (ఆరుబయట సొంతంగా పనిచేసుకునే చిన్న చేతివృత్తులవాళ్లు) డిస్కులు విడిగా ఒక్కొక్కటే కొనుక్కుంటారు. పెట్టె లేదు, లోపలి కాగితం వాళ్లకు చేరదు. ఆ రింగు, ఆ లేబులే వాళ్లకు అందే మొత్తం ట్రైనింగ్. అక్కడ డీలర్ కౌంటర్ మీద కుర్రాడికి నేర్పడమే అన్నిటికన్నా విలువైన పని.

అపోహ: మంచి ఇంగ్లిష్, మంచి స్లైడ్లు ఉంటే చాలు.

వాస్తవం: గల్ఫ్ షాపుల్లో ఎక్కువగా పనికొచ్చేది హిందీ. అంతకన్నా పనికొచ్చేది చేత్తో చేసి చూపించడం. వీల్‌ను బిగించి పట్టే ఫ్లాంజి బిళ్లను తుడవడం, ఫ్లాంజికీ వీల్‌కీ మధ్య కాగితపు బ్లాటర్ ఉంచడం, కొత్త డిస్క్ పెట్టాక పక్కకు నిలబడి అరనిమిషం ఖాళీగా తిప్పడం, సన్నని కటింగ్ డిస్క్‌ను పక్కగా రుద్దకపోవడం, ఇవన్నీ వర్క్‌షాప్ నేల మీదే నేర్పాలి.

సమయం సంగతి కూడా చెప్పాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. "అప్పుడు అందరూ ఖాళీయే కదా" అని కొందరు మేనేజర్లు ట్రైనింగ్ ఆ టైముకే పెట్టమంటారు. నేను ఒప్పుకోను. తెల్లవారుజామున లేచి ఎండలో కష్టపడిన మనిషి పడుకునే సమయం అది. పని గంటల్లో టైమిస్తేనే చెబుతాను.

అపోహ: విదేశీ టూర్ అంటే సగం విహారం.

వాస్తవం: ఎయిర్‌పోర్టు, హోటల్, షాపు, మళ్లీ ఎయిర్‌పోర్టు. దీని గురించి ఇంతకన్నా రాయడానికి లేదు.

అపోహ: హాజరు పట్టీ మీద సంతకాలు, సర్టిఫికెట్లు అయితే ట్రైనింగ్ పూర్తయినట్టే.

వాస్తవం: మా పని ఫలించిందో లేదో చెప్పేవి వాడేసిన డిస్క్ ముక్కలు. అంచు పెచ్చులూడితే పక్కగా నొక్కుతున్నారు. రంధ్రం కోలగా అయితే వేరే మెషీన్‌కు బలవంతంగా ఎక్కించారు. ముఖం నల్లగా నున్నగా ఉంటే వీల్ ఎంపిక తప్పు. స్టోర్ కీపర్‌ను ఆ ముక్కలు ఒక డబ్బాలో వేసి ఉంచమని, నెలాఖరులో ఫొటోలు పంపమని అడుగుతాను. ఫొటోలు రాని షాపుకే తర్వాతి టూర్‌లో ముందుగా వెళ్తాను.