తొమ్మిది వయల్స్ లెక్క: కొలిస్టిన్ గొడవ ఎక్కడ మొదలైంది

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చినవాళ్ళు ఐసీయూ బయట ఫార్మసీ బిల్లు పట్టుకుని అడిగే ప్రశ్న మళ్ళీ రచ్చకెక్కింది. "మొదటి రోజే కొలిస్టిన్ (మొండి బాక్టీరియా మీద వాడే యాంటీబయాటిక్) తొమ్మిది వయల్స్ (మందు సీసాలు) వేశారు. మావాడి కిడ్నీలు అందుకే పోయాయా?"

కిడ్నీలకు చేటని 1970ల్లో పక్కన పెట్టేసిన ఈ ఇంజెక్షన్, కార్బపెనెమ్‌లనే శక్తివంతమైన యాంటీబయాటిక్‌లకు కూడా లొంగని క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ బాక్టీరియాల వల్ల వచ్చే ఆసుపత్రి న్యుమోనియాకు మళ్ళీ ఎలా దిక్కయిందో తెలిసిన కథే. బాక్టీరియాకు కార్బపెనెమ్‌లను తట్టుకునే శక్తినిచ్చే ఎన్‌డీఎం-1 ఎంజైమ్ మీద 2010లో వచ్చిన పరిశోధనలో చెన్నై నమూనాలున్నాయి. 2012లో వైద్య సంఘాలు ఇక్కడే కూర్చుని, మందులకు లొంగని బాక్టీరియాను ఎదుర్కోవటానికి చెన్నై డిక్లరేషన్ తయారు చేశాయి. కానీ ఇవాళ్టి గొడవకు మూలం వాటిలో లేదు, కొలతలో ఉంది.

మన వయల్ మీద 10 లక్షల యూనిట్లు అని ఉంటుంది. ఆ పొడి బరువు 80 మిల్లీగ్రాములు, దాన్నుంచి వచ్చే అసలు కొలిస్టిన్ బేస్ లెక్కన సుమారు 33 మిల్లీగ్రాములు. అమెరికా లేబుళ్ళు బేస్ లెక్క రాస్తాయి, యూరప్‌లోనూ మన దగ్గరా యూనిట్లు నడుస్తాయి. పొడి లెక్కన రాసిన మిల్లీగ్రాముల్ని బేస్ లెక్క అనుకుని ఇస్తే మందు 2.4 రెట్లు పడుతుంది. తారుమారైతే సగం కూడా అందదు. ఈ తికమకతో ఒక రోగి చనిపోయాక 2011లో అమెరికాలో హెచ్చరిక జారీ అయింది. 2013లో ఇటలీలోని ప్రాటోలో కూడిన నిపుణులు యూనిట్లు గానీ బేస్ మిల్లీగ్రాములు గానీ తప్ప వేరే లెక్క వద్దన్నారు. కేస్ షీట్‌లో ఉత్త "మి.గ్రా." అని రాసి వదిలేయటం ఇప్పటికీ క్షమించరాని తప్పే.

ఇక ఆ తొమ్మిది వయల్స్. సిరలోకి ఎక్కించేది కొలిస్టిన్ కాదు, ఒంట్లో మెల్లగా కొలిస్టిన్‌గా మారే పదార్థం. మామూలు డోసుతో మొదలుపెడితే రక్తంలో తగినంత చేరటానికి రెండు మూడు రోజులు పడుతుంది. వెంటిలేటర్ మీదున్న న్యుమోనియా రోగికి అంత వ్యవధి ఉండదు. అందుకే 2014లో యూరప్ మందుల సంస్థ 90 లక్షల యూనిట్ల లోడింగ్ డోసు (మొదట్లో ఒకేసారి ఇచ్చే పెద్ద డోసు) చెప్పింది, 2019 అంతర్జాతీయ మార్గదర్శకాలదీ అదే మాట. 10 లక్షల వయల్ అయితే సరిగ్గా తొమ్మిది. కిడ్నీలు దెబ్బతిన్నవారికైనా ఈ మొదటి డోసు తగ్గించరు. 12 నుంచి 24 గంటల తర్వాత మొదలయ్యే రోజువారీ డోసునే క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే లెక్క) చూసి తగ్గిస్తారు. బిల్లు చూసి భయపడి మొదటి డోసు కోయించటం రోగికే నష్టం.

కిడ్నీలను దెబ్బతీసేది ఎక్కువగా ఆ తర్వాతి రోజుల అజాగ్రత్త. క్రియాటినిన్ రోజూ చూడకపోవటం, కిడ్నీలకు భారమయ్యే వాంకోమైసిన్, అమికాసిన్ యాంటీబయాటిక్‌లు, నొప్పి ఇంజెక్షన్లు కలిపి నడపటం, ఒంట్లో నీరు తగ్గినా పట్టించుకోకపోవటం. ఇంత జాగ్రత్త పడ్డా కొందరికి కిడ్నీలు దెబ్బతింటాయి, ఆ మాట ముందే చెప్పాలి. అది వినే హక్కు కుటుంబానికి ఉంది. మూతి చుట్టూ తిమ్మిరి, తల తిరుగుడు, కండరాల నీరసం కనిపిస్తే నర్సు వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఊపిరి ఆగే ప్రమాదం అరుదే, కానీ ఉంది.

కలిపేటప్పుడు వయల్‌ను గట్టిగా కుదిపితే నురగ వచ్చి పూర్తి డోసు సిరంజిలోకి రాదు, మెల్లగా తిప్పాలి. సెలైన్‌లో పలచన చేసి అరగంట నుంచి గంటలో ఎక్కించాలి. ముందే కలిపి దాచకూడదు, ద్రవంలో ఉండగానే కొలిస్టిన్‌గా మారిపోతుంది. అలా ముందే కలిపి ఉంచిన మందు నెబ్యులైజర్‌లో పీల్చిన రోగి మరణించాక 2007లో అమెరికా మందుల సంస్థ హెచ్చరించింది.

ఇంకో మెలిక, బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్ట్‌ది. కొలిస్టిన్ అణువు పెద్దది, బాక్టీరియాను పెంచే జిగురు పదార్థమైన అగార్‌లో సరిగా పాకదు, కాబట్టి అగార్ మీద మందు బిళ్ళ పెట్టి చూసే డిస్క్ పరీక్షను నమ్మలేం, ద్రవంలో మందును వేర్వేరు మోతాదుల్లో కలిపి చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయాలి. ఇలాంటి పరీక్షలకు ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2020లో కొలిస్టిన్‌కు "ససెప్టిబుల్" (మందుకు లొంగుతుంది) అనే వర్గాన్నే తీసేసింది. సిరలోకి ఇచ్చిన మందు ఊపిరితిత్తుల్లోకి తక్కువగా చేరుతుంది కనుక, న్యుమోనియాకు దీన్ని ఒంటరిగా నడిపిన కేసుల్లో కుటుంబం అడగాల్సింది వయల్స్ సంఖ్య కాదు: తోడుగా ఏ మందు ఇచ్చారు, క్రియాటినిన్ ఏ రోజు ఎంత ఉంది, డోసు ఏ లెక్కలో రాశారు.