పట్నం ఎవరి లెక్కలో పట్నం?

నల్లగొండ బస్టాండులో "పట్నం బస్సు ఏది?" అని అడిగి చూడండి. ఏ పట్నం అని ఎవరూ ఎదురడగరు. హైదరాబాద్ బస్సు ఆగిన చోటు చూపిస్తారు. మహబూబ్‌నగర్‌లో అడిగినా అంతే. రెండూ జిల్లా కేంద్రాలే. 2011 జనాభా లెక్కల నాటికే రెండూ లక్ష దాటాయి. ఒక ఊళ్లో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, ఇంకో ఊళ్లో పాలమూరు యూనివర్సిటీ, రెండు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు. అయినా దక్షిణ తెలంగాణ నాలుక మీద పట్నం ఒక్కటే.

మహబూబ్‌నగర్ 2025లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. చైర్మన్ పోయి మేయర్ పదవి, కౌన్సిలర్ల చోట కార్పొరేటర్లు. నల్లగొండకూ ఆ హోదా కావాలన్న కోరిక ఈనాటిది కాదు, అది 2026లో తీరింది. బోర్డు మారితే ఊరు పెద్దదవుతుందా, ఊరు పెద్దదయ్యాక బోర్డు మారుతుందా అన్నది ఇక్కడి టీ కొట్ల దగ్గర నిజంగా జరిగే చర్చ. దానికి జవాబు కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. పెద్ద ఊరు అనిపించుకోవడానికి కావలసిన కొలత కాలానికొకటిగా మారుతూ వచ్చింది.

నల్లగొండ పక్కనే పానగల్లు ఉంది. ఇవాళ ఎవరైనా దాన్ని నల్లగొండ శివారు అనే అంటారు. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో లెక్క తిరగబడి ఉండేది. ఆనాడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులకు పానగల్లు ఒక రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు అన్నీ అక్కడే. ఛాయా సోమేశ్వరంలో గర్భగుడి ముందు కాసేపు నిలబడితే లింగం వెనక గోడ మీద స్తంభంలాంటి నీడ కనిపిస్తుంది. పొద్దున చూసినా సాయంత్రం చూసినా అక్కడే ఉంటుంది. ఆ నీడ ఏ స్తంభానిదో అని వెనక్కి తిరిగి వెతికితే ఒక్కటీ సరిపోదు. చాలా స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుతురు కలిసి ఆ నీడను నిలబెడుతుంది. అంత పనితనం తెలిసిన శిల్పులను పోషించగలిగిన ఊరు, అంత చెరువు తవ్వించగలిగిన ఊరు ఆనాటికి పెద్ద ఊరే. జనం ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు. రాజు ఉన్నాడా, గుడి ఉందా, చెరువు నిండిందా అన్నదే కొలత. కాకతీయుల కాలపు శాసనాల్లో "నకరం" (నగరం అన్న మాటకే ఇంకో రూపం) అంటే వర్తకుల సంఘం. అంటే అంగడి కూడా ఆ కొలతలో ఒక భాగమే. ఇంగ్లండులోనూ ఇలాంటిదే జరిగింది. పెద్ద చర్చి ఉన్నందువల్ల పన్నెండు వేల జనాభా ఉన్న వెల్స్‌ని నగరమంటారు. లక్షన్నర దాటిన రెడింగ్‌కు మాత్రం ఇప్పటికీ ఆ హోదా లేదు.

పాలమూరు వైపు కథ వేరు. అక్కడ పేరున్న ఊళ్లు సంస్థానాల ఊళ్లు: గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు. పండితులు, కోటలు, చీరల నేత అన్నీ అటు. పాలమూరు నిజాం పాలనలో జిల్లా కేంద్రంగా ఎదిగింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో మహబూబ్‌నగర్ అయింది. కచేరీ, జైలు, తహసీలు ఎక్కడుంటే అదే పెద్ద ఊరు. అధికారి కూర్చునే చోటే నగరం అన్న ఈ అలవాటు మనలో ఎంత లోతుగా దిగిందంటే, 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఊరూరా దీక్షలు జరిగింది కలెక్టరేట్ కోసమే. ఆ ఏడాది అక్టోబర్‌లో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, 2019లో నారాయణపేట విడిపోయాయి. కేంద్రాలు పెరిగాయి. పాత కేంద్రాల వెనకున్న జిల్లా కుంచించుకుపోయింది.

ఇక లెక్కల సంగతి. బ్రిటిష్ కాలపు సెన్సస్ అయిదు వేల జనాభాను గీతగా పెట్టుకుంది. ఆ గీత ఇప్పటికీ చెరగలేదు. 1961 నుంచి పరీక్ష గట్టిపడింది. మున్సిపాలిటీ లేని ఊరిని పట్టణంగా లెక్కవేయాలంటే కనీసం 5,000 జనాభా ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్లలో 75 శాతం మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. మగవాళ్లలో అన్న మాట గమనించండి. ఊరు పల్లెనా పట్నమా అన్న తీర్పులో నాట్లు వేసే ఆడకూలీ పని లెక్కకు రాదు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని నిబంధన. లక్ష దాటితే మొదటి తరగతి పట్టణం, పది లక్షలు దాటితే మహానగరాల వరస. ఐక్యరాజ్యసమితి లెక్కలో కోటి దాటితేనే మెగాసిటీ.

1993 జూన్‌లో 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. నగర పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ అని మూడు మెట్లు ఏర్పడ్డాయి. ఏ ఊరు ఏ మెట్టు మీద నిలబడాలో తేల్చడానికి 243క్యూ అధికరణం అంకె ఏదీ చెప్పలేదు. జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి, ఆర్థిక ప్రాధాన్యం చూసుకోమని రాష్ట్రాలకు వదిలేసింది. అందుకే ఈ హోదాలో రాజకీయానికి ఇంత చోటు దొరికింది. చుట్టుపక్కల ఊళ్లు కలిపితే జనాభా పెరుగుతుంది, హోదా వస్తుంది. కలిసిన ఊరికి సర్పంచ్ పోతాడు, ఇంటి పన్ను మున్సిపల్ లెక్కకు మారుతుంది, గ్రామాలకు మాత్రమే వర్తించే ఉపాధి హామీ పని ఆగిపోతుంది. వీధిదీపం, డ్రైనేజీ ఎప్పుడొస్తాయో గానీ ఈ మూడూ ముందొస్తాయి.

కేంద్రం స్థాయిలో ఇంకో రెండు కొలతలున్నాయి. కేంద్ర ఉద్యోగుల ఇంటద్దె భత్యానికి 2008 నుంచి ఊళ్లను ఎక్స్, వై, జెడ్ అని విడదీశారు. యాభై లక్షలు దాటినవి ఎక్స్, అయిదు నుంచి యాభై లక్షల మధ్యవి వై, అంతకన్నా తక్కువైతే జెడ్. హైదరాబాద్ ఎక్స్. వరంగల్ వై. నల్లగొండ, మహబూబ్‌నగర్ జెడ్, అంటే చిట్టచివరి అక్షరం. రిజర్వ్ బ్యాంకు మాత్రం బ్యాంకు శాఖల కోసం ఆరు అంచెలు పెట్టుకుంది. అందులో లక్ష జనాభా దాటిన ప్రతి ఊరూ మొదటి అంచె. కాబట్టి నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక బ్యాంకు శాఖ, ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసు పక్కపక్కనే ఉన్నాయనుకుంటే, బ్యాంకు కాగితాల్లో ఆ ఊరు ముంబైతో సమానంగా మొదటి అంచె. పక్కింటి ఉద్యోగి జీతం చీటీలో అదే ఊరు అట్టడుగు. ఈ రెండు లెక్కలూ అబద్ధం కాదు. ఒకటి శాఖలు ఎక్కడ తెరవాలో చూస్తుంది, ఇంకొకటి అద్దె భత్యం ఎంతివ్వాలో చూస్తుంది. ఊరిని ఊరిగా చూసేది ఏదీ లేదు.

నన్నడిగితే ఊరిని కొలవాల్సింది ఒక్క మాటతో. అర్ధరాత్రి దవాఖానలో మంచం పక్కన డాక్టర్ చెప్పే మాట: "పట్నం తీసుకపోండి." ఆ మాట మేమూ విన్నాం. ఆంబులెన్సులో కూర్చుని నార్కట్‌పల్లి దాకా ఎవరం నోరు విప్పలేదు. ఊళ్లో ఎన్ని వార్డులున్నాయో ఆ రాత్రి ఎవరికి గుర్తుంటుంది? ఆ మాట చెప్పాల్సిన అవసరం ఎంత తగ్గితే ఊరు అంత పెరిగినట్టు. మెడికల్ కాలేజీలు వచ్చాక కొంత తగ్గింది. ఇంకా చాలా తగ్గాలి.

నీళ్ల సంగతీ ఇలాంటిదే. నల్లగొండ పేరు ప్రపంచానికి తెలిసింది ఫ్లోరైడ్ వల్ల. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి రూపొందించిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పడింది. బిందె నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేరుకున్నాక పైనీళ్లు వంచుకోవడం. పాఠ్యపుస్తకాల్లో ఊరు పేరు నిలిచింది గానీ, ఆ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులకు కృష్ణా నీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. పానగల్లు రాజుల ఉదయసముద్రమే ఇప్పుడు ఆ కృష్ణా నీళ్లను నిలుపుకునే రిజర్వాయరు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కిందటి కొలత మళ్లీ పనికొచ్చిందని ఆ కట్ట మీద నడిచినప్పుడల్లా అనిపిస్తుంది.

పాలమూరు దగ్గర ఇంకో లెక్క ఉంది. అది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. దేశంలో పెద్ద నగరాలు, పెద్ద ప్రాజెక్టులు కట్టిన చేతుల్లో పాలమూరు చేతులు చాలా ఉన్నాయి. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు, ఆ అప్పు తీరేదాకా గుంపు అతని వెంట ఎక్కడ పని ఉంటే అక్కడికి పోతుంది. పండుగలు దాటాక మక్తల్, నారాయణపేట, కోస్గి వైపు బస్టాండుల్లో చూడండి. చుట్టిన బొంతలు, పార, గంప, ఒక మూటలో జొన్నపిండి, చంకలో పిల్ల. బొంబాయి, పుణె వైపు పోయేవాళ్లు. వాళ్లు వెళ్లిన చోట అపార్ట్‌మెంటు లేస్తుంది, ఆ నగరం ఇంకాస్త పెద్దదవుతుంది. సొంత ఊళ్లో ముసలివాళ్లు, తాళం వేసిన ఇళ్లు మిగులుతాయి. ఎత్తిపోతల నీళ్లు చేరిన చోట వలస తగ్గింది. ఆగలేదు.

2021లో జరగాల్సిన జనాభా లెక్కలు జరగలేదు. తర్వాతి లెక్కకు 2027 మార్చి 1 ప్రాతిపదిక. మనుషులను లెక్కపెట్టేది ఫిబ్రవరిలో. ఆ రోజులన్నీ ఊళ్లో లేని మనిషిని ఊరి ఖాతాలో రాయరు, దొరికిన చోట రాస్తారు. ఇల్లు లేకుండా రోడ్డు పక్కన, బ్రిడ్జి కింద ఉండేవాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి వెళ్లి లెక్కిస్తారు. ఫిబ్రవరి అంటే పాలమూరు గుంపులు పనుల్లో ఉండే కాలం. బొంబాయి గుడారంలో నిద్రపోతున్న కోస్గి కూలీ ఆ రాత్రి బొంబాయి జనాభాలో ఒకడు.