ఈ పని ఎక్కడ జరుగుతోంది?

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న మీరంతా ఒకరి మీద ఒకరు పడి ఫోన్‌లో బ్రౌజర్ గురించి, అంటే నెట్ పేజీలు చూపించే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ లాంటి వాటి గురించి, అడిగినవాటికి అప్పుడే జవాబు చెబితే సగం మీ చెవిన పడి సగం గాలికి పోయేది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మన ఒడిశాలోనే గుణుపూర్‌లో, రాయగడలో ఉన్న మన చుట్టాల పిల్లలకూ చదివి వినిపించండి. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంగ్లీషు. ఇలా మూడు భాషల మధ్య తిరిగే పిల్లలకు బ్రౌజర్ సంగతులు మిగతావాళ్ళకంటే ఎక్కువే తెలిసుండాలి.

"మేమేం నొక్కలేదు, బ్రౌజర్ రాత్రికి రాత్రి మారిపోయింది" అన్నారు కదా. నిజమే, అది తనంతట తనే మారుతుంది. 2021 సెప్టెంబరులో క్రోమ్ నాలుగు వారాలకో కొత్త వెర్షన్ ఇచ్చే పద్ధతికి మారింది. ఫైర్‌ఫాక్స్ అంతకు ముందే, 2020లోనే, ఆ పద్ధతికి మారింది. కొత్తది లోపల్లోపలే దిగి, మీరు బ్రౌజర్ మూసి మళ్ళీ తెరిచినప్పుడు అమల్లోకి వస్తుంది. విసుగొచ్చి అప్‌డేట్లు ఆపేయకండి. అందులో మీ కంటికి కనిపించే మార్పులు కొన్నే. దొంగలు దూరే కంతలు పూడ్చడమే అందులో అసలు పని.

ట్యాబులు, అంటే తెరిచిన పేజీల పేర్లుండే చీటీలు, పైనుంచి ఎడమ పక్కకి వెళ్ళిపోవడం మాత్రం మీలో ఎవరో చేసిందే. ఫైర్‌ఫాక్స్‌లో ఈ సదుపాయం 2025 మార్చిలో 136వ వెర్షన్‌తో వచ్చింది, ఎడ్జ్‌లో 2021 నుంచే ఉంది. ట్యాబుల పట్టీ మీద కుడి బటన్ నొక్కితే నిలువు ట్యాబులనే మాట కనిపిస్తుంది. వద్దనుకుంటే అక్కడే తీసేయొచ్చు, కానీ నేనైతే ఉంచమంటాను. మన తెరలు వెడల్పువి, చాలా పేజీలకు పక్కలు ఖాళీగానే ఉంటాయి. పైన పదిహేను ట్యాబులు ఇరుక్కుంటే తెలుగు శీర్షికలో మొదటి రెండక్షరాలు కూడా కనబడవు. పక్కన వరసగా ఉంటే పేరు చదవొచ్చు. పొరపాటున మూసేసిన ట్యాబ్ కోసం కంట్రోల్, షిఫ్ట్, టి కలిపి నొక్కండి, తిరిగొస్తుంది.

ప్లస్ టూ అడ్మిషన్ ఫారం నింపుతూ అన్నానికి లేచి వచ్చేసరికి అంతా పోయిందని పెద్దాడు బాధపడ్డాడు. క్రోమ్ ట్యాబుల్ని నిద్రపుచ్చుతుందని విని నేరం దానిమీద వేశాడు. వాడకుండా వదిలేసిన ట్యాబుల్ని మెమరీ కోసం క్రోమ్ పక్కన పెట్టే మాట నిజమే గానీ, సగం నింపిన ఫారం ఉన్న ట్యాబ్ జోలికి అది పోదు. అక్కడ జరిగింది వేరు. లాగిన్ అయిన మనిషి కాసేపు కదలకపోతే అవతలి సైటే బయటికి పంపేస్తుంది. అది మన మేలుకే. వేరేవాళ్ళు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే? కాబట్టి కాగితాలన్నీ దగ్గర పెట్టుకుని, అన్నం తిన్నాకే ఫారం తెరవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. కొత్తగా ఏ సదుపాయం కనిపించినా మీరు మొదట అడగాల్సింది ఒక్కటే: ఈ పని మన కంప్యూటర్‌లోనే జరుగుతోందా, ఎక్కడో ఉన్న ఇంకొకరి కంప్యూటర్‌లోనా?

అనువాదమే చూడండి. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో వస్తే, ఒడియా 2020 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ తర్వాత మనలాంటి వాళ్ళకు పెద్ద బరువే దిగింది. కాశీనగర్ దగ్గర పొలం వివరాలు ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో చూడాలంటే అంతా ఒడియాలోనే ఉంటుంది. మీ తాతయ్యకు మాట్లాడ్డం వచ్చు గానీ లిపి రాదు. ఇప్పుడు క్రోమ్‌లో పేజీ మీద కుడి బటన్ నొక్కి తెలుగు ఎంచుకుంటే ఖతియాన్ (భూమి హక్కు పత్రం) తెలుగులో కనిపిస్తుంది. కానీ మనుషుల పేర్లను కూడా ఒక్కోసారి మామూలు మాటలనుకుని అర్థం చెప్పేస్తుంది. అందుకని పేర్లు, ప్లాటు నంబర్లు, విస్తీర్ణం మాత్రం మూలం పేజీకి తిరిగి వెళ్ళి చూసుకోవాలి. విస్తీర్ణం అక్కడ ఎకరాలు, డెసిమల్స్‌లో ఉంటుంది. డెసిమల్ అంటే మన సెంటే, వంద అయితే ఎకరం.

క్రోమ్‌లో అనువాదం మీట నొక్కగానే పేజీలోని మాటలు గూగుల్ దగ్గరకు వెళ్ళి, తెలుగై తిరిగి వస్తాయి. పూర్వం చదువురాని వాళ్ళు వచ్చిన ఉత్తరం ఎవరిచేతనో చదివించుకునేవారు. చదివిపెట్టినందుకు దండం పెట్టాల్సిందే, కానీ ఇంటి కబురు ఆయనకూ తెలిసిపోయేది. ఇదీ అంతే. ఊరందరూ చూసే నోటీసైతే నిక్షేపంగా అనువాదం చేయించుకోండి. లాగిన్ అయ్యాక ఆధార్ నంబరో, బ్యాంకు లెక్కో, ఆసుపత్రి రిపోర్టో కనిపిస్తున్న పేజీ అయితే ఆ మీట నొక్కకండి. నన్ను పిలవండి, ఒడియా నేను చదివి చెబుతాను.

ఫైర్‌ఫాక్స్ దారి వేరు. 2023 సెప్టెంబరులో 118వ వెర్షన్‌తో వచ్చిన దాని అనువాదం మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది. కావలసిన భాష ఫైళ్ళు ముందు ఒకసారి దిగుతాయి, తర్వాత పేజీ గడప దాటదు. నా మాట నమ్మనక్కర్లేదు, మీరే పరీక్షించండి. ఫ్రెంచిలో ఉన్న పొడవాటి పేజీ ఒకటి తెరిచి ఇంగ్లీషులోకి మార్చండి. పైభాగం మారగానే నెట్ తీగ ఊడపీకి, మెల్లగా కిందికి జరపండి. ఒక్క క్షణం ఫ్రెంచి కనబడి, మీ కళ్ళముందే వాక్యం వాక్యం ఇంగ్లీషైపోతుంది. బయటి సాయం ఏమీ లేకుండా మన పాత డబ్బా ఆ పని చేస్తుంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో! అదే పరీక్ష క్రోమ్‌లో చేస్తే పని ముందుకు సాగదు. ఏ పని ఎక్కడ జరుగుతోందో తీగే చెబుతుంది.

అనువాదం ఉంది కదా, ఇంకా ఒడియా లిపి ఎందుకు అని చిన్నది అడిగింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో పుట్టి అడగాల్సిన ప్రశ్న కాదమ్మా అది. ఆయన సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు తయారుచేశారు. నువ్వు రోజూ పక్కన కూర్చునే స్నేహితురాలి భాషకి యాభై అక్షరాలు దిద్దలేవా?

చదివి వినిపించే సదుపాయం నాకు బాగా నచ్చింది. ఎడ్జ్‌లో కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కితే పేజీ చదువుతుంది. తెలుగుకి శ్రుతి అని ఆడగొంతు, మోహన్ అని మగగొంతు ఉన్నాయి. కంటి ఆపరేషన్ అయ్యాక మీ తాతయ్య వార్తలన్నీ మోహన్ చేతే చదివించుకుంటున్నారు. ఈ గొంతులు నెట్ మీద, మైక్రోసాఫ్ట్ దగ్గర తయారై వస్తాయి. వార్తలకు ఇబ్బంది లేదు. సొంత ఉత్తరాలైతే నా గొంతు ఉండనే ఉంది.

చిరునామా పక్కనుండే తాళం బొమ్మ ఏమైందన్నారు. 2023 సెప్టెంబరులో క్రోమ్ దాన్ని తీసేసి, రెండు గీతలూ రెండు గుండ్రాలూ ఉన్న బొమ్మ పెట్టింది. 2021లో గూగుల్ చేసిన పరిశీలనలో తాళం అసలు అర్థం సరిగ్గా చెప్పింది నూటికి పదకొండు మందే. మిగతావాళ్ళలో చాలామంది తాళం ఉంటే మంచి సైటనుకునేవారు. అది దారి భద్రమని చెబుతుందే తప్ప అవతలున్నవాడు పెద్దమనిషని కాదు. దొంగసైటుకీ తాళం ఉంటుంది. మీరు చూడాల్సింది చిరునామాలో సైటు పేరు చివర. మన ప్రభుత్వానిదైతే మొదటి ఒంటి వాలుగీతకు ముందు 'డాట్ గవ్ డాట్ ఇన్' అనో 'డాట్ నిక్ డాట్ ఇన్' అనో ముగియాలి. ఒడిశా అన్న మాట ముందెక్కడో ఉండి చివర ఇంకేదో ఉంటే ఆ సైటు మూసేయండి.

పేజీ మొత్తాన్ని నాలుగు ముక్కల్లో చెప్పే ఏఐ మీటలు చాలా బ్రౌజర్లలోకి వస్తున్నాయి. పొడవాటి వ్యాసం చదవాలా వద్దా తేల్చుకోవడానికి వాడుకోండి. అడ్మిషన్ నోటీసుకి మాత్రం వద్దు. ఆఖరు తేదీ ఒక్కటి తప్పు చెప్పినా ఏడాది పోతుంది.

చివరగా బజారులో ఆన్‌లైన్ సెంటర్‌కి వెళ్ళినప్పుడు. క్రోమ్‌లోగానీ ఎడ్జ్‌లోగానీ పైన కుడివైపు మనిషి బొమ్మ నొక్కి గెస్ట్ కిటికీ తెరిపించుకోండి. అది మూయగానే మీరు తిరిగిన పేజీలు, లాగిన్లు ఆ కంప్యూటర్‌లోంచి పోతాయి. ఇంట్లో వాడే ఇన్‌కాగ్నిటో కూడా ఇలాంటిదే. అది ఇంట్లోవాళ్ళ నుంచి దాస్తుందే కానీ మీరు వెళ్ళిన సైటు నుంచి కాదు. రెండిట్లోనూ, ప్రింటు కోసం దించుకున్న మార్కుల షీటు డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉండిపోతుంది. చెరిపేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేవండి. సెంటరు అబ్బాయి తొందరపెట్టినా సరే, ఆ రెండు నిమిషాలూ అడిగి తీసుకోండి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ
పర్లాకిమిడి