పురుగులు తింటున్నాయి కదా మేడమ్, మనం తినకూడదా?

వానలు మొదలయ్యాయంటే నా ఫోన్‌కి రెండు రకాల ఫొటోలు వస్తాయి. నా దగ్గర పుట్టగొడుగుల పెంపకం నేర్చుకున్న రైతులు పచ్చ బూజు పట్టిన బెడ్ల (పుట్టగొడుగులు పెంచే గడ్డి సంచుల) ఫొటోలు పంపిస్తారు. వాళ్లకి జవాబు చెప్పడం తేలిక. రెండో రకం ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపేవి: "ఇదేంటి మేడమ్, తినొచ్చా?"

ఈసారి వచ్చినది మాత్రం నేనెప్పుడూ చూడని చోటు నుంచి. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాలు, టీవీ పక్కన పాత చేపల తొట్టి. ఆ ఇంటి తొమ్మిదేళ్ల పాప వేసవి సెలవులకి కోనసీమ వెళ్లి, అమ్మమ్మగారి పెంటకుప్పలోంచి కొమ్ము పురుగు పిల్లల్ని ఏరి తెచ్చుకుంది. తెల్లగా, బొటనవేలంత లావుగా, ముడుచుకుని పడుకుంటాయే, అవి. తొట్టిలో చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, ఒక పుచ్చిన కొయ్య ముక్క. ఎండిపోకుండా రోజూ నీళ్ల స్ప్రే. జూలైలో ఒక పొద్దున లేచి చూస్తే నిమ్మపండు రంగులో ఏడెనిమిది గొడుగులు.

రాత్రి పదింటికి పాప నాన్న ఫోన్ చేశారు. తొట్టిని పురుగులతో సహా తీసుకెళ్లి పారేయమని వెనక నుంచి ఆయన భార్య అంటున్నారు. పాప ఏడుస్తోంది. ఆ వారమే ఊరి నుంచి వచ్చిన అత్తగారిది మాత్రం మూడో మాట: "పురుగులు కొరుకుతున్నాయి చూడు. విషమైతే చచ్చేవి కావూ? నాలుగు ఉల్లిపాయలు వేసి వేపితే సరి."

ఆవిడని నేను తప్పుపట్టను. పదిహేనేళ్లుగా ఈ మాట వింటున్నాను. చదువుకున్నవాళ్ల నోటా విన్నాను, డాక్టర్ నోటా ఒకసారి విన్నాను. మిగతా అపోహలతో మహా అయితే ఒక తొట్టి పోతుంది. దీనితో మనుషులు పోతారు.

అపోహ: పురుగు, నత్త, మేక తిన్నది మనకీ మంచిదే

మీ వీధిలో గన్నేరు చెట్టు ఉంటే ఆకు తిరగేసి చూడండి. గొంగళి పురుగు హాయిగా నములుతూ కనిపిస్తుంది. జిల్లేడు ఆకుల మీద కూడా నల్ల, పసుపు చారల గొంగళి పెరిగి సీతాకోకచిలుక అవుతుంది. ఆ ధైర్యంతో గన్నేరాకు పప్పు వండుతారా? వండరు, గన్నేరు సంగతి మనకి తెలుసు కాబట్టి. పుట్టగొడుగు దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతుందో!

పుట్టగొడుగుల్లో మనుషుల్ని ఎక్కువగా చంపేవి అమాటాక్సిన్లు అనే విషాలు. అవి మన కణాల్లో ప్రోటీన్ల తయారీని ఆపేస్తాయి. ముందు దెబ్బతినేది కాలేయం. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా ఈ విషం పోదు. కానీ ఆ విషం ఉన్న పుట్టగొడుగుల్లోనే గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకునే ఈగలున్నాయి. వాటికది అన్నం. మా షెడ్లలో సియారిడ్ అనే చిన్న ఈగలతో నిత్యం యుద్ధమే, పసుపు జిగురు అట్టలు ఎన్ని వేలాడదీసినా చాలవు. వాటి పిల్లలు మంచిదీ చెడ్డదీ చూడవు, మెత్తగా తడిగా ఉంటే చాలు, తొలిచేస్తాయి. ఆ హాల్లోని గొడుగులకి చిల్లులు పెట్టినవీ అవే. పెద్దావిడ చెప్పిన కొమ్ము పురుగు పిల్లలు అడుగున ఎరువు తింటూ వాటి గొడవలో అవి ఉన్నాయి.

ఈ అపోహకి ఒక కవల ఉంది: "తిని మూడు గంటలైంది, ఏమీ కాలేదు, అంటే మంచిదే." ఇది ఇంకా ప్రమాదం. తిన్న గంట రెండు గంటల్లో వాంతులు పట్టించే పుట్టగొడుగులు చాలావరకు ఏడిపించి వదిలేస్తాయి. అమాటాక్సిన్లు ఉన్నవి ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజంతా కిక్కురుమనవు. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు. ఆపైన ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది, ఇంటికెళ్లిపోదాం అంటారు. మూడో రోజుకి కళ్లు పచ్చబడతాయి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది తేయాకు తోటల్లో బతికేవాళ్లు. తరతరాలుగా పుట్టగొడుగులు ఏరుకుని తింటున్న వాళ్లే.

కాబట్టి ఇంట్లో పసివాడు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడనుకోండి, లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. ఉప్పు నీళ్లు తాగించి కక్కించొద్దు. నోట్లో మిగిలింది తీసేసి, ఏ టైముకి తిన్నాడో రాసుకుని, మిగిలిన గొడుగుల్ని మొదలుతో సహా పెకిలించి కాగితంలో చుట్టి (ప్లాస్టిక్ కవరులో వేస్తే గంటల్లో కుళ్లి గుర్తుపట్టలేకుండా పోతాయి) ఆసుపత్రికి పరుగెత్తండి. బండి లేకపోతే 108. డాక్టర్లకి సలహా కావాలంటే ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది.

అపోహ: ఫొటో చూసి చెప్పేయొచ్చు

ఇది నా తప్పుతో కలిపి చెప్పాలి. కొత్తలో ఒకాయన పెరట్లో మొలిచిన తెల్ల గొడుగుల ఫొటో పంపితే, "పాల పుట్టగొడుగులా ఉందండీ" అన్నాను. మేం షెడ్డులో పెంచే, తినే రకం అది. ఆ "లా ఉంది" ఆయనకి వినపడలేదు. అదృష్టం బాగుండి వండే ముందు ఒకటి నా దగ్గరికి తెచ్చారు. గొడుగు కోసి కాగితం మీద బోర్లించి, గ్లాసు మూతపెట్టి పడుకున్నాను. పొద్దున కాగితం మీద పాచి రంగు పొడి, అంటే గొడుగు రాల్చిన విత్తనాల్లాంటి బీజాలు. క్లోరోఫిల్లమ్! లాన్లలో, పెరళ్లలో వానాకాలం వచ్చేది, తింటే పేగులు బయటికొచ్చేంత వాంతులు. పాల పుట్టగొడుగైతే ఆ పొడి తెల్లగా ఉండాలి. ఆ రోజు నుంచి నేను ఫొటో చూసి తినమని ఎవరికీ చెప్పలేదు, ఇకముందూ చెప్పను. ఫోన్లో యాప్ చెప్పిందంటారా, దాని పని పేరు ఊహించడం వరకే.

మరి ఆ పాప తొట్టిలోవి? మర్నాడు ఆదివారం, దారిలోనే కదా అని వెళ్లాను. పసుపు టోపీ, దాని మీద నూకల్లాంటి పొలుసులు, అంచున దువ్వెన పళ్లలా గీతలు, సన్నటి కాడకి చిన్న ఉంగరం, కాగితం మీద తెల్ల పొడి. ల్యూకోకొప్రైనస్ బిర్న్‌బౌమీ. కుండీల్లో, కొబ్బరి పొట్టులో మొలిచే మామూలు ఘటమే. ఆ పేరు వెనకా ఇలాంటి కథే ఉంది: 1839లో కోర్డా అనే శాస్త్రవేత్త, ప్రాగ్‌లో ఒక గాజు గృహంలో దీన్ని చూసిన బిర్న్‌బౌమ్ అనే తోట అధికారి పేరు పెట్టాడు. చలి దేశంలో మొక్కల కోసం వెచ్చగా, తడిగా ఉంచిన గది అది. చేపల తొట్టికీ దానికీ పెద్ద తేడా లేదు. తింటే కడుపు పాడు చేస్తుంది. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంటుంది.

పక్కనే బూడిద రంగువి, గోరంత గొడుగులు నాలుగు మధ్యాహ్నానికల్లా సిరాలా కరిగి నల్లబడ్డాయి. అవి ఎరువుతో వచ్చినవి. నన్ను నిజంగా భయపెట్టేవి కొయ్య ముక్కల మీద, కంపోస్టులో వచ్చే చిన్న గోధుమ రంగు గొడుగులు. వాటిలో కొన్నింటికి అదే అమాటాక్సిన్ ఉంటుంది. చూడ్డానికి ఎందుకూ కొరగానట్టు ఉంటాయి. తొట్టిలో అలాంటివి కనిపిస్తే, పాకే పిల్లలున్న ఇంట్లో ఆ పూటే తీసేయండి.

మిగతావి, గబగబా

ముట్టుకుంటే విషం ఎక్కుతుందా? ఎక్కదు. చేతులు కడుక్కోండి, చాలు.

పుట్టగొడుగులతో కలిపి ఉడికిస్తే వెండి ఉంగరం నల్లబడటం, వంటలో వేసిన పసుపు రంగు మారడం, వెల్లుల్లి రంగు మారడం: మూడు పరీక్షలూ చెత్త. విషానికీ వాటికీ సంబంధం లేదు.

ఉరిమితేనే మొలుస్తాయట. ఏసీ హాల్లో ఏ ఉరుము ఉరిమిందో! దారాల్లాంటి బూజు ఆ ఎరువులో, పొట్టులో ముందే ఉంటుంది. తడి, వెచ్చదనం కుదిరితే గొడుగు పైకొస్తుంది.

పురుగుల్ని చంపుతాయా? ఈ గొడుగులు చంపవు. కొమ్ము పురుగుని చంపే శిలీంధ్రం వేరే ఉంది, మెటారైజియం. కొబ్బరి రైతులు పెంటకుప్పల్లో కలుపుతారు. దానికి గొడుగు రాదు, చచ్చిన పురుగు ఒంటి మీద పచ్చటి పొడి వస్తుంది.

గాలి పాడవుతుందా? వందల బెడ్ల షెడ్డులో మాస్కు లేకుండా ముత్యపు చిప్ప పుట్టగొడుగులు కోసి నెలరోజులు దగ్గినదాన్ని నేను, కాబట్టి ఊరికే కొట్టిపారేయను. ఏడెనిమిది గొడుగులతో అంత పొడి గాలిలోకి రాదు. పిల్లలకి ఆస్తమా ఉంటే మాత్రం టోపీ విచ్చుకోకముందే గిల్లేయండి.

పుట్టమన్ను వేస్తే పుట్టకొక్కులు వస్తాయా? రావు. వాటిని చెదపురుగులు పుట్ట లోపల సొంతంగా సాగు చేసుకుంటాయి. గుప్పెడు మన్నుతో ఆ సేద్యం జరగదు.

తొట్టి పారేయనివ్వలేదు. స్ప్రే సగానికి తగ్గించి, గాజు మూత తీసి దోమతెర కట్టమన్నాను. అయినా ఇంకో రెండు విడతలు వచ్చాయి. పాప ఇప్పుడు నాకు సరైన ఫొటోలు పంపుతోంది: పైనుంచి ఒకటి, టోపీ అడుగున రేకుల్లాంటి మొప్పలు కనిపించేలా ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి. నోటుబుక్కులో తెల్ల పొడి అచ్చు కనపడదని నల్ల చార్టు ముక్క అంటించిందట.

పెద్దావిడకి మాత్రం నా మాట మీద ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. పోయిన వారం మా షెడ్డు నుంచి అరకిలో పాల పుట్టగొడుగులు పంపించాను. "ఇవీ బావున్నాయిలే, కానీ ఆ పసుపువి చూడ్డానికి ఎంత లేతగా ఉన్నాయో" అన్నారట.