కుళాయి లెక్క అడగడం ఎలా? పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలు, పదకొండో షెడ్యూలు, 29 అంశాలు. ఇదంతా మీరు సాంఘికశాస్త్రంలో చదివే ఉంటారు. రెండు మార్కుల ప్రశ్నకు అది చాలు. ఊళ్ళో కుళాయి నీళ్ళు వాసన వస్తుంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలో మాత్రం ఆ పాఠంలో ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక చిక్కు తెలుసుకోండి. ఆ 29 అంశాలనూ పంచాయతీలకు అప్పగించవచ్చని 243జి అధికరణం రాష్ట్రాలకు వీలిచ్చింది. అప్పగించి తీరాలని కట్టడి చేయలేదు. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం పేరుతో తన ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలిపెట్టింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా పనులు ఇప్పటికీ శాఖల చేతుల్లోనే ఉన్నాయి. మాష్టారు బడికి రాకపోతే అది విద్యాశాఖ సంగతి. అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది. రేషన్ బియ్యం తూకం తగ్గితే తహసీల్దారును అడగాలి. వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త, ఊళ్ళో నీటి పంపిణీ పంచాయతీవి. సర్పంచ్ రోజూ కంటికి కనిపిస్తారు కాబట్టి తిట్లన్నీ ఆయనకో ఆమెకో పడతాయి, జవాబు చెప్పాల్సిన శాఖ మాత్రం చల్లగా తప్పించుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాక ఈ గందరగోళం ఇంకా పెరిగింది. ఒకే కప్పు కింద కూర్చునే ఉద్యోగుల్లో చాలామందికి పైఅధికారి వేరే శాఖలో ఉంటారు. కాబట్టి పని ఎవరిది, డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, బిల్లు మీద సంతకం ఎవరిది అన్న మూడూ తేల్చుకున్నాకే నోరు విప్పండి.

డబ్బు దారి కొంచెం వివరంగా చెప్పాలి. 2021-26 కాలానికి, కేంద్ర నిధుల పంపకం తేల్చే 15వ ఆర్థిక సంఘం పంచాయతీరాజ్ సంస్థలకు ఇచ్చే నిధుల్లో 60 శాతాన్ని రెండు పనులకే కట్టేసింది: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదు. "నీళ్ళ పనికి డబ్బుల్లేవండీ" అని ఎవరైనా అంటే, తాగునీటి పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని మర్యాదగా అడగండి. ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే పనుల ప్రణాళిక, చేసిన ఖర్చు రెండూ కనిపిస్తాయి. ఒక్కోసారి నిజంగానే డబ్బు రాదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా అదే నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. అలాంటప్పుడు ప్రశ్న పంచాయతీ కార్యదర్శికి కాదు, ఎన్నికలు పెట్టని రాష్ట్ర ప్రభుత్వానికి వెయ్యాలి.

ఇప్పుడు కుళాయి దగ్గరికి వద్దాం. నీళ్ళలో మిగిలి ఉండాల్సిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. నీళ్ళకు వచ్చే రంగును బట్టి దాన్ని చూసే చిన్న పరీక్ష పెట్టె, అంటే క్లోరోస్కోపు, పంచాయతీలో గానీ గ్రామీణ నీటి సరఫరా సిబ్బంది దగ్గర గానీ ఉండాలి. పెద్దవాళ్ళ ఎదుట పరీక్ష చేయించండి. నమూనా ట్యాంకు పక్క కుళాయి నుంచి పట్టకూడదు, ఊరి చివరి వీధి కుళాయి నుంచి పట్టాలి. ట్యాంకు దగ్గర రంగు బాగానే వస్తుంది. పైపు పగిలి మురుగు కలిసేది, క్లోరిన్ అంతా ఖర్చయిపోయేది దారిలోనే. బ్లీచింగ్ పౌడరు కలిపాక అరగంటైనా ఆగి నీళ్ళు వదలాలి. కలిపిన వెంటనే వాల్వు తిప్పేస్తే పౌడరు వేసీ లాభం లేదు.

తర్వాత లెక్క. 33 శాతం క్లోరిన్ ఉన్న మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు పడుతుంది. మీ ట్యాంకు 40,000 లీటర్లదై రోజుకు రెండుసార్లు నింపుతారనుకోండి: ఒక నింపుకు 100 గ్రాములు, రోజుకు 200, నెలకు 6 కిలోలు. 25 కిలోల బస్తా నాలుగు నెలలు రావాలి. నెలనెలా పది బస్తాలకు ఓచరు కనిపిస్తే అనుమానించాల్సిందే. అయితే తొందరపడి దొంగ అనేయకండి. కాలువల పక్కన చల్లేది కూడా ఇదే పౌడరు. తెరిచిన బస్తా చెమ్మ తగిలితే బలం తగ్గి ఎక్కువ వెయ్యాల్సి వస్తుంది. స్టాక్ రిజిస్టరులో ఏ రోజు, ఎంత, దేనికి వాడారో రాసి ఉంటే ఈ తేడాలన్నీ విడివిడిగా తెలుస్తాయి. ఆ కాలమ్ ఖాళీగా ఉంటే మీరు పట్టుకోవాల్సింది అక్కడే. పౌడరు మాత్రం మీరు ముట్టుకోవద్దు, కళ్ళూ ఊపిరీ మండుతాయి.

బడి భోజనానికీ ఇదే పద్ధతి. ప్రాథమిక తరగతుల్లో ఒకరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. ఆరు నుంచి ఎనిమిది వరకు 150, 30. హాజరు పట్టీలో తలలు లెక్కపెట్టి గుణించండి. తూకం వెయ్యాల్సింది వండిన అన్నాన్ని కాదు, బియ్యాన్ని.

రిజిస్టరు చూపించకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. చట్టం "పౌరులు" అంటుందే గానీ వయసు అడగదు. అయినా ఒక పెద్దాయన చేతో, పొదుపు సంఘంలోని అమ్మల చేతో దరఖాస్తు పెట్టించడం మంచిది; ఒక్క పిల్లవాడి పేరు మీద ఉంటే ఆ ఇంటి మీదే ఒత్తిడి పడుతుంది. మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు.

చాలా దరఖాస్తులు వృథా అయ్యేది రాతలోనే. "మా ఊరి నీళ్ళు ఎందుకు బాగోవు?" అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం ఇచ్చేది ఉన్న కాగితాన్ని, అభిప్రాయాన్ని కాదు. ఇలా రాయండి: "2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మా పంచాయతీ కొన్న బ్లీచింగ్ పౌడరు ఓచర్ల నకళ్ళు, స్టాక్ రిజిస్టరు నకలు, ట్యాంకు శుభ్రం చేసిన తేదీల రిజిస్టరు నకలు ఇప్పించగలరు." ఒక విషయం, ఒక కాలం, కాగితాల పేర్లు. రశీదు తీసుకోకుండా ఇంటికి రావద్దు, గడువు లెక్కంతా దాని మీదే నడుస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. అదీ తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ దగ్గర ఆలస్యం ఎక్కువ, అందుకే అక్కడిదాకా పోనివ్వకుండా ప్రశ్నను చిన్నదిగా ఉంచమంటున్నాను.

కాగితం చేతికొచ్చాక గ్రామసభ. ఆంధ్రప్రదేశ్ 1994 చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు, తెలంగాణ 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. ఓటర్లే సభ్యులు గనక మీకు ఓటుండదు. కూర్చోవచ్చు, మీ అమ్మానాన్నల చేత అడిగించవచ్చు. కర్ణాటకలో పిల్లల కోసమే మక్కళ గ్రామసభ అని విడిగా పెడతారు, మనకూ అది రావాలి. వచ్చే ఏడాది పనుల ప్రణాళిక కసరత్తు అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. ఏప్రిల్‌లో వెళ్ళి కొత్త పైపులైను కావాలంటే అప్పటికే పద్దులు రాసేసి ఉంటారు. సభలో ఇంకో మోసం జరుగుతుంది: తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ మీద ముందు సంతకాలు తీసుకుని, విషయం తర్వాత నింపుతారు. తీర్మానం రాసి, పైకి చదివి వినిపించాకే సంతకం పెట్టమని మీ ఇంట్లో వాళ్ళకు గట్టిగా చెప్పండి.

ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో మొదలుపెట్టిన సామాజిక తనిఖీ దేశమంతటికీ నమూనా అయింది. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపేవారు. సొంత ఊళ్ళో మొహమాటమూ భయమూ ఉంటాయి. మస్టరులో, అంటే కూలీల హాజరు పట్టీలో, పేరున్న ప్రతి ఇంటికీ వెళ్ళి, "ఇన్ని రోజులు పని చేశావా? ఇంత డబ్బు ముట్టిందా?" అని అడిగి రాసుకుని, చివరికి మండల ప్రజావేదికలో అధికారుల ఎదుటే చదివేవారు. తప్పు బయటపెట్టడంలో ఆ పద్ధతి గట్టిది, దారి తప్పిన డబ్బు వెనక్కి రాబట్టడంలో బలహీనం. వేదిక మీద రాసుకున్న రికవరీలు ఆ తర్వాత ఫైళ్ళలో నానుతాయి. కాబట్టి మీ ఊరి సభలో కొత్త విషయాలు మొదలుపెట్టకముందే, కిందటి సభ తీర్మానాలు ఒక్కొక్కటీ చదివించి, దేని మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారో కార్యదర్శి చేత చెప్పించి, ఆ జవాబును కూడా పుస్తకంలో రాయించండి.

ఇట్లు,
మీ తాతయ్య