జ్వరం తగ్గినా కొందరు ఎందుకు కోలుకోరు?

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "ఒకే ఇంట్లో, ఒకే వారంలో మా అన్నయ్యకూ నాకూ కోవిడ్ వచ్చింది. అన్నయ్యకు నాలుగు రోజులు కాలిపోయే జ్వరం వచ్చింది, పది రోజులకల్లా మామూలు మనిషయ్యాడు. నాకు ఒళ్లు కొద్దిగా వెచ్చబడి తగ్గిపోయింది గాని, ఆరు నెలలు దాటినా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, చదివింది గుర్తుండడం లేదు. వైరస్ ఒకటే, ఇల్లు ఒకటే, మరి ఈ తేడా ఎందుకు?"

క్రిమి శరీరంలోకి ప్రవేశిస్తుంది, జ్వరం వస్తుంది, రోగి కోలుకుంటాడు అని మనం బడిలో మూడు ముక్కల్లో చదువుకున్నాం. మూడో ముక్క అందరి విషయంలోనూ నిజం కాదన్న సంగతి పాఠంలో ఉండదు. చికున్‌గున్యా తగ్గిన తరువాత నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి కీళ్ల నొప్పులు మిగులుతాయి. ఎబోలా నుంచి బయటపడినవారిలో కంటి జబ్బులు కనిపించాయి. కోవిడ్ విషయంలో, వ్యాధి మొదలైన మూడు నెలల తరువాత కూడా లక్షణాలు ఉండి, అవి కనీసం రెండు నెలలు కొనసాగి, వాటికి మరో కారణం కనిపించకపోతే దానిని ప్రత్యేక స్థితిగా గుర్తించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించింది. ప్రజలు దానినే లాంగ్ కోవిడ్ అంటున్నారు.

ఎవరికి ఈ ముప్పు ఎక్కువ అన్న ప్రశ్నకు, కోవిడ్ కంటే చాలా ముందే ఆస్ట్రేలియాలోని డబ్బో పట్టణ ప్రాంతంలో జరిగిన ఒక అధ్యయనం విలువైన సమాధానం ఇచ్చింది. పరిశోధకులు మూడు వేర్వేరు అంటువ్యాధులు సోకిన 253 మందిని తొలి రోజుల నుంచే గమనిస్తూ వచ్చారు. ఆ వ్యాధుల్లో ఒకటి ఎప్‌స్టైన్-బార్ వైరస్ వల్ల వచ్చేది, రెండవది దోమల ద్వారా వ్యాపించే రాస్ రివర్ వైరస్ వల్ల వచ్చేది, మూడవది బ్యాక్టీరియా వల్ల వచ్చే క్యూ జ్వరం. ఆరు నెలల తరువాత చూస్తే దాదాపు 12 శాతం మంది నిస్సత్తువ, ఒళ్లు నొప్పులు, ఏకాగ్రత లోపంతో బాధపడుతూనే ఉన్నారు. ఈ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. క్రిములు మూడు రకాలైనా మిగిలిన బాధ మాత్రం ఒకే రూపంలో ఉంది. ఆ బాధను ముందుగా సూచించినది రోగి వయసో స్వభావమో కాదు, తొలి దశలో వ్యాధి ఎంత తీవ్రంగా ఉందన్నదే. "పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, అంతా నీ మనసులోనే ఉంది" అన్న మాట వినివిని అలసిపోయిన రోగులకు ఈ అధ్యయనం గురించి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు తరచూ అనిపిస్తుంది. కోవిడ్ సోకకముందే దిగులు, ఆందోళన, ఒంటరితనం అనుభవిస్తున్నవారికి లాంగ్ కోవిడ్ ముప్పు ఎక్కువని 2022లో ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం చూపిన మాట నిజమే. అయితే దీర్ఘకాలపు ఒత్తిడి రోగనిరోధక వ్యవస్థను మారుస్తుంది కాబట్టి, అది కూడా శరీరానికి సంబంధించిన విషయమే అవుతుంది తప్ప రోగి ఊహ అనడానికి రుజువు కాదు.

తీవ్రతే ముఖ్యమైతే, లాంగ్ కోవిడ్ రోగుల్లో ఎక్కువమంది ఆసుపత్రి ముఖం చూడనివారే ఎందుకయ్యారు? ఇక్కడ ఒక లెక్క అవసరం. కేవలం లెక్క కోసం, వైరస్ సోకిన వెయ్యి మందిలో 50 మంది ఆసుపత్రిలో చేరారనీ, వారిలో సగం మందికి, అంటే 25 మందికి, లక్షణాలు మిగిలాయనీ అనుకుందాం. ఇంట్లోనే ఉండి తగ్గించుకున్న 950 మందిలో పదింట ఒక వంతుకు, అంటే 95 మందికి, లక్షణాలు మిగిలాయనుకుందాం. ఆసుపత్రిలో చేరినవారికి ముప్పు ఐదు రెట్లు ఎక్కువ. అయినా మొత్తం 120 మంది బాధితుల్లో 95 మంది, అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో నలుగురు, స్వల్పంగా జబ్బుపడినవారే. ముప్పు ఎవరికి ఎక్కువ, బాధితుల్లో ఎవరు ఎక్కువ అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. వాటిని కలిపేయడం వల్లనే "నీకు వచ్చింది చిన్న జ్వరమే కదా" అన్న అన్యాయమైన తీర్పు పుడుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకర్షించిన అంశం మరొకటి ఉంది. కోవిడ్‌తో మరణించే ముప్పు పురుషులకు ఎక్కువ, లక్షణాలు మిగిలిపోయే ముప్పు మాత్రం స్త్రీలకు ఎక్కువ. 41 అధ్యయనాలను కలిపి, ఎనిమిది లక్షల అరవై వేలకు పైగా రోగుల వివరాలతో 2023లో వెలువడిన ఒక విశ్లేషణలో స్త్రీలకు ఈ అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు ఉన్నట్లు తేలింది. ఈ తలకిందుల లెక్కకు మూలం కొంతవరకు ఎక్స్ క్రోమోజోమ్‌లో ఉండవచ్చు.

స్త్రీల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లు ఉంటాయి, పురుషులకు ఒకటే. రెండూ పనిచేస్తే వాటి జన్యువుల నుంచి తయారయ్యే పదార్థాల మోతాదు రెట్టింపవుతుంది కనుక, పిండ దశలోనే ప్రతి కణం వాటిలో ఒకదానిని మూసివేస్తుందని బ్రిటిష్ జన్యు శాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో ప్రతిపాదించారు. మూసివేసే పని ఎక్సిస్ట్ అనే పొడవైన ఆర్‌ఎన్‌ఏ చేస్తుంది. అది ఆ క్రోమోజోమ్‌ను దుప్పటిలా కప్పేస్తుంది. అయితే దుప్పటి కింద కూడా కొన్ని జన్యువులు మెలకువగానే ఉంటాయి. కొన్ని రోగనిరోధక కణాల్లో అలా తప్పించుకునే వాటిలో టీఎల్ఆర్7 ఒకటి. ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏను పసిగట్టడం దాని పని. కరోనా, ఇన్‌ఫ్లుయెంజా, డెంగీ, చికున్‌గున్యా వైరస్‌లన్నీ ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లే. టీఎల్ఆర్7 మేల్కొంటే వైరస్‌ను అడ్డుకోమని కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ వెలువడుతుంది, బి కణాలనే తెల్ల రక్తకణాలు ప్రతిరక్షకాల (యాంటీబాడీల) తయారీకి సిద్ధమవుతాయి. ఈ జన్యువు పనిచేయకపోతే ఏమవుతుందో 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూశారు. రెండు కుటుంబాల్లో, అప్పటివరకు ఆరోగ్యంగా ఉన్న నలుగురు యువకులు, రెండు జతల అన్నదమ్ములు, కోవిడ్‌తో ప్రాణాపాయ స్థితికి చేరారు. నలుగురిలోనూ టీఎల్ఆర్7 లోపించింది. ఒకే ఎక్స్ ఉన్నందున వారికి మరో ప్రతి లేదు.

అదే జన్యువు అతిగా పనిచేస్తే శరీరం తనపై తానే తిరగబడే లూపస్ వ్యాధి రాగలదని 2022లో తేలింది. లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలు. పురుషులై ఉండి అదనంగా ఒక ఎక్స్ క్రోమోజోమ్‌తో పుట్టినవారికి, ఇతర పురుషులతో పోలిస్తే లూపస్ దాదాపు 14 రెట్లు ఎక్కువగా వస్తుంది. అంటే హార్మోన్ల ప్రభావం ఎంత ఉన్నా, ఎక్స్ సంఖ్యకు సొంత బరువు ఉంది. పైగా ఎక్సిస్ట్ దుప్పటిని అంటిపెట్టుకుని ఉండే పదుల కొద్దీ ప్రొటీన్లపైనే కొందరి శరీరాలు ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటాయని 2024లో మరో పరిశోధన చూపింది. వైరస్‌ను చురుగ్గా పసిగట్టి ప్రాణం కాపాడే ఏర్పాటే, వైరస్ పోయాక కూడా శాంతించక సొంత కణజాలాన్ని గాయపరచగలదు. లాంగ్ కోవిడ్‌కు ఇదొక్కటే కారణమని ఎవరూ నిరూపించలేదు గాని, ఆ రోగుల ప్రతిరక్షకాలను ఎక్కించినప్పుడు ఎలుకల్లో నొప్పి పెరిగినట్లు ఇటీవలి ప్రయోగాలు చూపాయి.

రెండు వందల మందికి పైగా కోవిడ్ రోగుల రక్తాన్ని పరీక్షించి 2022లో వెలువడిన ఒక అధ్యయనం, లాంగ్ కోవిడ్ ముప్పును ముందుగా సూచించే, వ్యాధి తొలి దశలోనే కనిపించే నాలుగు అంశాలను గుర్తించింది. అవి టైప్ 2 మధుమేహం, రక్తంలో కరోనా ఆర్‌ఎన్‌ఏ ఉండడం, సొంత శరీరంపై దాడిచేసే ప్రతిరక్షకాలు, రక్తంలో ఎప్‌స్టైన్-బార్ వైరస్ కనిపించడం. చివరిది చాలామందికి వింతగా తోస్తుంది. 1964లో కనుగొన్న ఈ వైరస్ పెద్దవారిలో నూటికి తొంభై మందికి పైగా బి కణాల్లో జీవితాంతం నిద్రాణంగా ఉంటుంది. మరో జబ్బుతో పోరాడుతూ కాపలా సడలినప్పుడు నివురుగప్పిన ఈ నిప్పు మళ్లీ రాజుకుంటుంది, అప్పుడు శరీరం ఒకేసారి రెండు వైరస్‌లను ఎదుర్కోవలసి వస్తుంది.

స్థూలకాయం, పొగతాగడం, నలభై దాటిన వయసు కూడా ముప్పును పెంచుతాయి. రెండు మోతాదుల టీకా తీసుకున్నవారిలో ఆ అవకాశం నలభై శాతానికి పైగా తగ్గినట్లు పైన చెప్పిన 41 అధ్యయనాల విశ్లేషణలోనే కనిపించింది.

ఇక పాఠకురాలి ఇంటి సంగతి. తన జ్వరం స్వల్పమైనదని ఆమె అనుకోవడానికి ఆధారం ఒళ్లు ఎంత వేడెక్కిందన్న ఒక్క కొలత మాత్రమే. 4,182 మంది కోవిడ్ రోగులు తమ లక్షణాలను ఫోనులో నమోదు చేసిన వివరాలపై 2021లో ప్రచురితమైన పరిశోధనలో, తొలి వారంలో ఐదు కంటే ఎక్కువ రకాల లక్షణాలు ఉన్నవారికే బాధ ఎక్కువ కాలం కొనసాగే అవకాశం మూడున్నర రెట్లు కనిపించింది. ముందుగా సూచించిన లక్షణాల్లో ముఖ్యమైనవి నిస్సత్తువ, తలనొప్పి, ఆయాసం, గొంతు బొంగురుపోవడం, కండరాల నొప్పులు. ఆ జాబితాలో జ్వరం లేదు.